జంట జ్వరములు

ఇంటిలో ఎవరికేని జ్వరము వచ్చినప్పుడు మొట్టమొదట నుదుట చేయి వేసి చూచునది ఇల్లాలే. వైద్యుడు వచ్చుట పిదప; మందు వచ్చుట అంతకును పిదప. జ్వరమునకొక పేరు దొరకగానే మనసు కొంత కుదుటపడుట మనుష్య స్వభావము. "ఇది పడిశపు జ్వరము", "ఇది టైఫాయిడు", "ఇది కరోనా" అను మాట చెవిని పడగానే, ఆ పేరునకు తగిన మందు తెచ్చి, ఆ పేరునకు తగిన పథ్యము పెట్టి, ఇక చూడవలసినదేమియు లేదని తలంతుము. కాని ఒకే శరీరమున ఒకే కాలమున రెండు వ్యాధులు ప్రవేశింపరాదను నియమమెక్కడను లేదు. మొదటి వ్యాధి పేరు తెలిసినందువలననే రెండవ వ్యాధి దాగి ప్రాణము మీదికి తెచ్చు సందర్భములు కలవు. అట్టి జంట జ్వరములను గూర్చి, అందును పత్తి చేల నడుమ, మిరప చేల నడుమ నివసించు మన గుంటూరు ప్రాంతపు కుటుంబములకు తెలియవలసిన సంగతులను గూర్చి, సోదరీమణులకు కొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

మన పూర్వులకు ఇట్టి ఆలోచన కొత్త కాదు. ఆయుర్వేదము జ్వరములను ఎనిమిది విధములుగా విభజించినది. వాత పిత్త కఫములలో ఒక్కొక్కదానివలన కలుగునవి మూడు. రెండేసి దోషములు కూడుటచే కలుగు ద్వంద్వజములు మూడు. మూడును ఏకమగుటచే కలుగు సన్నిపాతమొకటి. వెలుపలి కారణముచే వచ్చు ఆగంతుకమొకటి. నేటి వైద్యశాస్త్రము చెప్పు సూక్ష్మజీవులు వేరు, ఆ దోషములు వేరు. ఒకదానిని మఱియొకదానికి ముడిపెట్టరాదు. అయినను ఒక్క జ్వరమునకు రెండు మూలములుండవచ్చునని వారు ఎఱిగియుండిరి. భాగవత దశమస్కంధము చదివిన సోదరీమణులకు బాణాసుర యుద్ధఘట్టము జ్ఞాపకముండును. అందు శివుడు పంపిన జ్వరమును, శ్రీకృష్ణుడు పంపిన జ్వరమును ఎదురెదురుగా నిలిచి పోరాడినవి. తుదకు శైవజ్వరమోడి శరణు వేడినది. మానవ శరీరమున ఇట్లు జరుగదు. రెండు జ్వరములును ఒకదానినొకటి అణచుకొనవు. రెండును కలిసి రోగి మీదనే పడును. గోరుచుట్టుపై రోకటిపోటని మనవారు చెప్పునది దీనికే సరిపోవును.

రెండు ముడతలు

మిరప సేద్యము చేయు ఇండ్లలోని స్త్రీలకు ఈ సంగతి చేనినుండియే బోధపరుపవచ్చును. మిరపకు ముడత తెగులు రెండు విధములుగా వచ్చును. తామర పురుగులు రసము పీల్చినచో ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెవలె అగును. దీనిని పై ముడత అందురు. నల్లి పట్టినచో ఆకు క్రిందికి ముడుచుకొని బోర్లించిన దోనెవలె అగును. దీనిని కింది ముడత అందురు. చూచువారికి రెండును ముడతలే. కాని తామర పురుగునకు కొట్టు మందు నల్లిని చంపకపోవచ్చును. ఒక్కొక్క యేట ఒకే చేనిలో, ఒకే మొక్కపై రెండును కనబడును. అప్పుడు అనుభవము గల రైతు ఒక ముడతను చూచి మందు కొట్టి ఇంటికి పోడు. ఆకు అడుగు భాగమును గూడ త్రిప్పి చూచును. మొక్క విషయమున మనవారు చూపు ఈ జాగ్రత్తను మనిషి విషయమునను చూపవలెననుటయే ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట.

జంటలో మొదటిది ఊపిరితిత్తులకు సంబంధించిన వైరసు వ్యాధి. ఇన్‌ఫ్లుయెంజా అట్టిది, కరోనా, అనగా కోవిడ్, అట్టిది. కోవిడ్‌ను ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. 2023 మే 5వ తేదీన ఆ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. అత్యవసరము ముగిసినదిగాని వైరసు లోకమును విడిచి పోలేదు. అది నేడు ఇన్‌ఫ్లుయెంజాతోపాటు వచ్చుచు పోవుచునున్నది. ఈ వ్యాధులు దగ్గు తుమ్ములచేత, కూడి యున్నచోట పీల్చు గాలిచేత మనిషినుండి మనిషికి వ్యాపించును.

రెండవది జంతువుల మూలమున మనిషికి సంక్రమించి, ఒక ప్రాంతమును అంటిపెట్టుకొని ఏటేట కనబడు వ్యాధి. మన ప్రాంతమున అట్టివానిలో ముఖ్యముగా చెప్పుకొనవలసినది స్క్రబ్ టైఫస్.

పొదల జ్వరము

స్క్రబ్ అనగా తుప్పలు, పొదలు. టైఫస్ అను మాట విని దీనిని టైఫాయిడుగా భావింపరాదు. రెండును పూర్తిగా వేరు. స్క్రబ్ టైఫస్‌నకు కారణము ఓరియెన్షియా సుత్సుగముషి అను బాక్టీరియా. సుత్సుగముషి జపాను భాషలోని మాట; వ్యాధిని తెచ్చు పురుగని దాని భావము. ఉత్తరమున జపాను, దక్షిణమున ఆస్ట్రేలియా ఉత్తరభాగము, పడమట పాకిస్తాను సరిహద్దులు, ఈ మూడింటి నడుమ నున్న విశాల ప్రదేశమున ఈ వ్యాధి తరతరములుగా నున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అస్సాము, బర్మా అడవులలో పోరాడిన సైనికులను ఇది మిక్కిలి బాధించినది.

ఈ బాక్టీరియాను మోయునది నల్లి జాతికి చెందిన ఒక అతి చిన్న ప్రాణి. మంచములలోని నల్లి కాదు, మిరపాకుపై నుండు నల్లియు కాదు, ఇది వేరు. దాని పిల్ల దశ మాత్రమే మనిషిని కుట్టును. ఆ పిల్ల మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు ఉండును, కంటికి ఆనదు. గడ్డి కొసలపై, తుప్పల మొదళ్లలో, పొలము గట్లపై కాచుకొనియుండి, ఎలుకలు, పందికొక్కులు మొదలగు ప్రాణులను పట్టుకొని వాని శరీరద్రవమును పీల్చి బ్రతుకును. ఎలుక రావలసిన దారిలో మనిషి వచ్చినచో మనిషినే పట్టుకొనును. తల్లినుండి గ్రుడ్డులోనికే బాక్టీరియా దిగుటచేత తరతరమునకు ఆ నల్లిలో వ్యాధి నిలిచియుండును. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. కుట్టిన ఆరు దినములు మొదలుకొని మూడు వారములలోపల, సాధారణముగా పది దినముల ప్రాంతమున, జ్వరము, తలనొప్పి, ఒడలి నొప్పులు మొదలగును. చాలమందికి దగ్గును ఉండును. చికిత్స ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు, కాలేయము, మెదడు దెబ్బతినును. ఈ వ్యాధి మనిషినుండి మనిషికి అంటదు. దీనికి మనుష్యులకు వేయు టీకా ఇంకను లేదు.

ఇది ఎక్కడి దూరదేశపు వ్యాధియో యని సోదరీమణులు ఉపేక్షింపరాదు. 2025వ సంవత్సరములో ఆంధ్ర ప్రదేశమున వేయికి పైగా స్క్రబ్ టైఫస్ కేసులు నమోదైనవి. ఆ యేటి చివరి మాసములలో, 2022లో మన పాత గుంటూరు జిల్లానుండి విడిపోయిన పల్నాడునుండియు, ఉత్తరాన విజయనగరమునుండియు మరణవార్తలు పత్రికలలో వచ్చినవి.

ఒకే దినచర్యలో రెండును

ఈ రెండు వ్యాధులును ఒకే మనిషిని ఎట్లు పట్టుకొనగలవని ఎవరికైన సందేహము కలిగినచో మన కూలి స్త్రీల దినచర్యను పరికించిన చాలును. వానలు పడిన పిదప గట్లపై గడ్డి ఏపుగా పెరుగును, ఎలుకలు పెరుగును, నల్లియు పెరుగును. శ్రావణము మొదలు పుష్యము వరకు స్క్రబ్ టైఫస్ ఎక్కువగా కనబడు కాలము. పత్తిలోను మిరపలోను కలుపు తీతలు ఆ కాలముననే. పత్తి తీతయు ఆ కాలముననే మొదలగును. ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున వానకాలమునందొక తూరియు, చలికాలపు తుదినొక తూరియు హెచ్చును. తెల్లవారుజామున ఎనమండుగురు పట్టు ఆటోలో పదునైదుగురు ఒండొరులను ఆనుకొని కూర్చుండి పొలమునకు పోవుదురు. అందొకరికి దగ్గున్న, సాయంకాలమునకు అది పలువురికి అంటుటకు అవకాశము కలదు. మధ్యాహ్నము గట్టుపై గడ్డిలో కూర్చుండి క్యారేజి విప్పుదురు. కాసేపు అక్కడనే నడుము వాల్చుదురు. దగ్గుచేత వచ్చునది ఆటోలో, పురుగుచేత వచ్చునది గట్టుపై, రెండును ఒక్క దినముననే తగులవచ్చును. మిరప కోతలకు కర్నూలు వైపునుండి కుటుంబములతో వలస వచ్చి, చేల దగ్గర పాకలలో గుంపుగా బసచేయువారి విషయము చెప్పనక్కర లేదు.

2020, 2021 సంవత్సరములలో భారతదేశపు వైద్యులు ఒకే రోగియందు కోవిడ్, స్క్రబ్ టైఫస్ రెండును కనుగొని వైద్యపత్రికలలో ప్రకటించిరి. ఎలుకల మూలమున వచ్చు లెప్టోస్పైరోసిస్ అను జ్వరమును కోవిడ్‌తో కలిసి కనబడినట్లు వ్రాసిరి. వారి వ్రాతలలో పదేపదే కనబడు హెచ్చరిక యొకటే. రెండు వ్యాధులకును జ్వరము, దగ్గు, ఆయాసము, ఒడలి నొప్పులు సమానములు. ఎక్సురేలో ఊపిరితిత్తులపై కనబడు మసకయు ఇంచుమించు సమానమే. మహమ్మారి కాలమున జ్వరమనగానే కరోనాయే జ్ఞప్తికి వచ్చెడిది. పరీక్షలో కరోనా ఉన్నదని తేలినచో వెదకుట అంతటితో ఆగిపోవుటకు చోటు కలదు. వైరసునకు బాక్టీరియాను చంపు మందు అక్కరలేదు. స్క్రబ్ టైఫస్‌నకో, ఆ మందు తప్ప గతి లేదు. కావున రెండవ వ్యాధిని గుర్తింపనియెడల, కుదుర్పదగిన వ్యాధికి మందు పడకయే దినములు గడచిపోవును.

మా యెఱుకలోని ఒక సంగతి

మా వారి పాఠశాలలో చదువుకొను ఒక బాలిక తల్లికి 2021 భాద్రపదమున జ్వరమును దగ్గును వచ్చినవి. పత్తిలో కలుపు తీతకు పోవుచుండెడిది. పరీక్షలో కరోనా అని తేలినది. ఇంటివారు నియమము తప్పక ఆమెను వేరు గదిలో నుంచి, గడప దగ్గర పళ్లెము పెట్టి, ఎడముగా నిలిచి మాటలాడుచు కాచిరి. ఆరవ దినమునకు దగ్గు తగ్గినది, జ్వరము తగ్గలేదు. కరోనా స్వభావమింతే కాబోలునని ఊరకుండిరి. తొమ్మిదవ దినమున ఆమె లేవలేని స్థితిలో నుండగా, తోడికోడలు ముఖమునకు మాస్కు కట్టుకొని లోపలికి పోయి, వేడినీళ్లతో ఒడలు తుడిచి చీర మార్చబోయినది. లంగా బొందు బిగించుచోట, నడుము ప్రక్కన, చుట్టతో కాల్చినట్లు నల్లని పక్కు ఒకటి కనబడినది. ఇదేమని అడుగగా, "బొందు ఒరుసుకుని పుండయిందనుకున్నానక్కా. నొప్పి కూడా లేదు. మగ డాక్టరుకి అక్కడ చూపించేదెట్లా?" అని ఆమె అన్నదట.

ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపోయిరి. పక్కును చూచిన వైద్యుడు రక్తపరీక్షకు పంపి, ఫలితము వచ్చువరకు వేచియుండక మందు మొదలుపెట్టెను. రెండు దినములలో జ్వరము దిగినది. పరీక్షయు స్క్రబ్ టైఫస్‌నే తెలిపినది. ఇందెవ్వరి అపరాధమును లేదు. దగ్గు వ్యాధికి వేరు గది అవసరమే. కాని వేరు గదితోపాటు స్నానము చేయించు చేయి, ఒడలు చూచు కన్ను గూడ గడప వెలుపలనే నిలిచిపోయినవి. వేరుగా నుంచుట వేరు, చూడక విడుచుట వేరు. మాస్కు కట్టుకొని, కిటికీ తెరచి, పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగుకొని రోగిని దినమునకొకసారియైన పరికించుట ఇంటివారికి సాధ్యమే.

సిగ్గు దాచు గుర్తు

నల్లి కుట్టినచోట ముందు చిన్న పొక్కు లేచి, అది చితికి, చుట్టును ఎఱ్ఱని అంచుతో నడుమ నల్లని పక్కు కట్టును. స్క్రబ్ టైఫస్‌నకు ఇంతకంటె స్పష్టమైన గుర్తు వేరొకటి లేదు. నొప్పి, దురద లేకపోవుటచే రోగికే తెలియకపోవచ్చును. ఆ నల్లి మెత్తని చర్మమును, చెమట పట్టి ముడుత పడు తావులను, బట్ట బిగించు తావులను కోరును. కావుననే పక్కు చంకలలో, గజ్జలలో, నడుము చుట్టు, స్తనముల క్రింద, పిరుదులపై, చెవి వెనుక, తలవెండ్రుకలలో, పిల్లలయందు మర్మస్థానముల దగ్గరను కనబడును. వీనిలో పెక్కు తావులు స్త్రీ పరులకు చూపనివి. సిగ్గు మనకు భూషణమే కావచ్చును. కాని వైద్యుని ఎదుట అది వ్యాధికి మరుగు కారాదు. స్వయముగా చూపలేనిచో నర్సుకు చూపవచ్చును. ఆశా కార్యకర్తకు చెప్పవచ్చును. ఇంటిలో తల్లియో, అక్కయో, తోడికోడలో చూచి వైద్యునికి మాటతో తెలుపవచ్చును. "ఫలానిచోట నల్లని పక్కు ఉన్నది" అను ఒక్క వాక్యమే ప్రాణమును నిలుపగలదు.

పసిపిల్లలకు నలుగుపెట్టి స్నానము చేయించునప్పుడును, ఆడపిల్లలకు తల దువ్వునప్పుడును మన చేయి తాకని చోటు లేదు. జ్వరము వచ్చిన దినములలో మనము స్నానము మానిపింతుము. దానితో చూచుటయు మానుదుము. స్నానము మానినను తడిగుడ్డతో ఒడలు తుడుచు నెపమున మంచి వెలుతురులో తలనుండి అరికాలి వరకు చూడవలెను. పక్కు కనబడినచో దానిని గిల్లి తీయరాదు. పసుపో, సున్నమో, ఆకుపసరో పూసి రూపు మార్పరాదు. ఉన్నదున్నట్లు వైద్యునికి చూపవలెను. ఇంకొక మాట. పక్కు అందఱికిని కనబడదు. అది లేనంతమాత్రమున వ్యాధి లేదని నిశ్చయింపరాదు.

పరీక్షలును మందును

జ్వరము వచ్చి అయిదు దినములు గడచినను తగ్గకున్నను, తగ్గి మరల వచ్చినను, మొదటి పరీక్షలో ఏ పేరు వచ్చియున్నను సరే, మరల వైద్యుని చూడవలెను. "చేనికి పోవుచున్నాము", "గడ్డి కోసితిమి", "పత్తి ఇంటిలో నిలువ యున్నది", "ఎలుకలు తిరుగుచున్నవి" అని మనమే చెప్పవలెను, అడుగువరకు ఊరకుండరాదు. స్క్రబ్ టైఫస్‌ను కనుగొనుటకు ఎలీసా పద్ధతిని చేయు రక్తపరీక్ష కలదు. వైల్‌ఫెలిక్స్ అను పాత పరీక్ష అంత నమ్మదగినది కాదు. రక్తములోని ప్లేట్‌లెట్లు తగ్గుట చూచి డెంగ్యూ అనియు, విడాల్ పరీక్ష చూచి టైఫాయిడు అనియు మన ఊళ్లలో తొందరపడి నిశ్చయించుట కలదు. ప్లేట్‌లెట్లు స్క్రబ్ టైఫస్‌లోను తగ్గును. విడాల్ పరీక్ష టైఫాయిడు లేనివారికిని ఉన్నట్లు చూపవచ్చును. అందుచేత ఒక్క కాగితముతో తృప్తిపడరాదు.

ఈ వ్యాధికి మందు అరుదైనది కాదు, ఖరీదైనది కాదు. డాక్సీసైక్లిన్ అను బిళ్ల సకాలమున పడినచో సాధారణముగా రెండు దినములలో జ్వరము దిగును. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇత్తురు. స్క్రబ్ టైఫస్ వలన గర్భస్రావము కలుగు భయమున్నందున గర్భిణుల విషయమున ఒక్క దినమును ఆలస్యము చేయరాదు. ప్రమాదస్థితిలో నున్న రోగులకు ఈ రెండు మందులును కలిపి సిరలోనికి ఎక్కించుట, ఒక్కొక్కటి విడిగా ఇచ్చుటకంటె మేలని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యుల నాయకత్వమున మన దేశములోని ఏడు ఆసుపత్రులలో 794 మంది రోగులపై జరిగిన పరిశోధన తెలిపినది. దాని ఫలితములు 2023లో వెలువడినవి.

ఈ మందు పుట్టుకలో మన తెలుగువాని చేయి యున్నదని తెలిసినచో సోదరీమణులు సంతసింతురు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా, వారి పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు 1945లో మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. టెట్రాసైక్లిన్ అను ఔషధవంశమునకు ఆరియోమైసిన్ మొదటిది. డాక్సీసైక్లిన్ ఆ వంశములోనిదే. 

అయితే మందు మంచిదని తెలిసి ఇంటిలో మనమే వాడుకొనరాదు. 2020, 2021లలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండును కరోనాకని విస్తారముగా మ్రింగిరి. పెద్ద పరిశోధనలలో అవి కరోనాకు ఉపకరింపవని తేలినది. రెండు బిళ్లలు మ్రింగి మానుటవలన అసలు వ్యాధి కొంత అణగి, పరీక్షకు దొరకక, మరల పైకి రావచ్చును. స్టెరాయిడు సూదిమందు సంగతి ఇంతకంటె చెడ్డది. ప్రాణవాయువు అవసరమైన కోవిడ్ రోగులకు అది మేలు చేయునని 2020లోనే తేలినది; ప్రాణవాయువు అక్కరలేనివారికి మేలు చేయలేదు. జ్వరము త్వరగా దిగుటకని ఊరిలో వేయించుకొను సూది, లోపలి వ్యాధిని కప్పి ఉంచును. "ఏ సూది వేసితిరి?" అని అడిగి పేరు వ్రాయించుకొనుట మన హక్కు.

డెల్టా వైపు సోదరీమణులకు ఒక మాట. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో వరిమడి నీటిలో దిగి పనిచేయువారికి లెప్టోస్పైరోసిస్ తగులవచ్చును. ఎలుకల మూత్రము కలసిన నీరు కాలి పగుళ్ల ద్వారమున, గాయముల ద్వారమున లోపలికి పోవుటచే అది వచ్చును. కన్నులు ఎఱ్ఱబడుట, పిక్కలు పట్టివేయుట, కామెర్లు దాని లక్షణములు. దానికిని సకాలమున ఇచ్చినచో మంచి మందులున్నవి. దానిని గూర్చియు వైద్యునికి గుర్తు చేయవలెను.

ఇంటి జాగ్రత్తలు

పొలమునుండి వచ్చినవారు ముందుగా దుస్తులు విడిచి, సబ్బుతో ఒడలు రుద్దుకొని వేడినీళ్ల స్నానము చేయవలెను. నల్లి పిల్ల చర్మముపై తిరిగి తావు చూచుకొనుటకు కొంతసేపు పట్టును గాన ఈ స్నానమే గొప్ప రక్షణ. విడిచిన బట్టలను మంచముపై వేయక వేడినీటిలో నానవేయవలెను. ఉతికిన బట్టలను గడ్డిపై, తుప్పలపై ఆరవేయరాదు, దండెముపై వేయవలెను. మన కూలి స్త్రీలు చీరపై మగవారి పొడుగు చేతుల చొక్కా తొడిగికొని పత్తి తీయుట అందఱును చూచినదే. అది ఎండకును ఆకుల గీతలకును మాత్రమేగాక ఈ పురుగునకును కొంత అడ్డు. కాళ్లకు మేజోళ్లును ఉన్నచో మఱింత మేలు. భోజనమునకు కూర్చున్నప్పుడు గడ్డిపై నేరుగా కూర్చుండక పట్టాయో, గోతమో పరచుకొనవలెను. గడ్డిలో పసిపిల్లలను పడుకొనబెట్టరాదు.

ఇంటి చుట్టును గడ్డి, తుప్పలు, చెత్తకుప్పలు లేకుండ చూడవలెను. ధర కొఱకు పత్తిని నెలల తరబడి పడకగదిలో నిలువ చేయుట మన ఊళ్లలో కలదు. ఎలుకలకు అంతకంటె మంచి కాపురము దొరకదు. పత్తికి వేరు చోటు చూపి, ధాన్యపు బస్తాలను గోడకు ఎడముగా బల్లపై నుంచి, కన్నములు పూడ్చవలెను. దగ్గు పడిశములున్నవారు కూలి ఆటో ఎక్కునప్పుడు మూతికి గుడ్డ కట్టుకొనుట తోటివారి యెడల మర్యాద. వృద్ధులును, గర్భిణులును, మధుమేహము గలవారును ఇన్‌ఫ్లుయెంజా టీకాను గూర్చి వైద్యునితో మాటలాడవలెను.

ఆయాసము, వ్రేలికి పెట్టి చూచు పరికరములో ప్రాణవాయువు 94కు తగ్గుట, మూత్రము తగ్గుట, కన్నులు పచ్చబడుట, మాట తడబడుట, మగత, మూర్ఛ, ఇందేది కనబడినను అయిదవ దినము కొఱకు వేచియుండక ఆసుపత్రికి పోవలెను. జంట జ్వరములలో రోగి ఊపిరితిత్తులు రెండు వైపులనుండి దెబ్బతినుచున్నవి గాన క్షీణించుట వేగముగా జరుగవచ్చును.

సోదరీమణులారా! వ్యాధికి పేరు పెట్టుట వైద్యుని పని. మందు నిర్ణయించుట వైద్యుని పని. కాని జ్వరము ఏనాడు వచ్చినది, ఎన్ని దినములైనది, రోగి ఎక్కడ పని చేసినది, ఒడలిపై ఏమున్నది అను నాలుగు సంగతులు వైద్యునికంటె మనకే బాగుగ తెలియును. వానిని ఒక కాగితముపై వ్రాసి తీసికొనిపోయినచో చాలును. చదువు వచ్చినవారు తమ వీధిలోని చదువు రానివారి కొఱకు గూడ ఈ కాగితమును వ్రాసి యిత్తురుగాక. ఇంటికి వచ్చు పనిమనిషికిని, చేనికి పోవు కూలి స్త్రీకిని ఆ నల్లని పక్కు సంగతి ఒక్క తూరి చెప్పుడు. ఈ యేడు కలుపు తీతలు ముగియకముందే చెప్పుడు.